రక్తపిశాచి మోకరిల్లిన పేజీ

"మోకరిల్లాడే! నా ఈ చెవులతో విన్నాను. గుమ్మం దాటి లోపలికెళ్లి, నేలకు నుదురు ఆనించి బావురుమన్నాడు."

"బావురుమనడమా! వాడు గుమ్మం బయటే నిలబడి అందర్నీ కడిగిపారేశాడు నానమ్మా. లోపలికి అడుగే పెట్టలేదు."

"నువ్వు చదవలేదు. పేజీలు తిప్పావంతే."

"నువ్వు వినలేదు. కునుకు తీశావు."

వంటింట్లో బీన్స్ ఈనెలు తీస్తున్న కోడలికి ఎంత వద్దనుకున్నా చెయ్యి ఆగిపోయింది. టీతో మొదలైన వాదన, కప్పులు చల్లారినా చల్లారలేదు. ముందుగదిలో ఒకవైపు అత్తగారు, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని. ఎదురుగా కూతురు పిట్ట, పరీక్షలు ముగించుకుని హాస్టల్ నుంచి నిన్ననే వచ్చింది, సంచి ఇంకా విప్పనే లేదు. ఇంత రభసా ఒక నవలలోని రక్తపిశాచి గురించి.

ఇద్దరి మధ్యా కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్న భర్త తలెత్తాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా బయటికి లాగడం అలవాటు.

"మూడొందల ఏళ్లు బతికినవాడమ్మా. పొద్దున మోకరిల్లి సాయంత్రం తిట్టి ఉంటాడు. ఇద్దరూ రాజీపడండి."

"ముందు నువ్వు పనికి తగలడు," అంది అత్తగారు. "ఆదివారం లైబ్రరీ సభలో నలుగురి ముందూ నేను మాట్లాడతాను కదా, అప్పుడు వినండి తండ్రీ కూతుళ్లిద్దరూ."

ఆదివారం మాట వినగానే కోడలు ఈనెలు గిన్నెలోనూ బీన్స్ చెత్తలోనూ వేసేసింది. ఆ వాదనలో ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పిట్ట చదివిందీ నిజమే, అత్తగారు విన్నదీ నిజమే. అబద్ధం మధ్యలో ఉన్న తనది.

అత్తగారు ఒకప్పుడు పేరున్న దర్జీ. మిషను తొక్కుతూనే ఆ సీరీస్ మొదటి మూడు భాగాలూ చదివేసింది. ఆ రక్తపిశాచి ఆవిడకు 'మనవాడు'. "ఇవాళ మనవాడు ఎవడి మెడ పట్టుకున్నాడో" అంటూ పుస్తకం తెరిచేది. తర్వాత చూపు మసకబారింది, మెల్లగా మొత్తం పోయింది. నాలుగో భాగం వచ్చేసరికి చదివి వినిపించే పని కోడలిది. మందుల షాపు నుంచి ఒంటిగంటకు వచ్చి, భోజనం కాగానే కిటికీ పక్కన కూర్చునేది. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తాకోడళ్ల మధ్య కూరలో కారం గురించీ ఆరేసిన బట్టల గురించీ తప్ప మాటలుండేవి కావు. ఆ గంటతో అదంతా మారింది. మనవాడి పుణ్యమా అని ఒకళ్లనొకళ్లు నవ్వించుకోవడం నేర్చుకున్నారు. "అమ్మాయ్, నీ గొంతే ఇప్పుడు నా కళ్లు" అని ఆవిడ ఒకసారి తేలిగ్గానే అంది. కోడలికి ఆ మాట లోపల ఎక్కడో కూర్చుండిపోయింది.

ఐదో భాగం దేవుడి మీద. మనవాడు ఒక పాత ప్రార్థనామందిరానికి వస్తాడు. ఆ పేజీ దగ్గరికి వచ్చిన రోజు పొద్దున్నే కళ్ల డాక్టరు ఇక చేసేదేమీ లేదని చెప్పేశాడు. అత్తగారు ఆస్పత్రి నుంచి నేరుగా ఊళ్లో మందిరానికి తీసుకెళ్లమంది, చాలాసేపు కూర్చుంది, ఇంటికొచ్చి భోంచేసి "ఊఁ, చదువు" అంది. కోడలు చదవబోయి, కింది వాక్యం మీద కన్నుపడి ఆగిపోయింది. "తర్వాత?" అంది అత్తగారు. తర్వాత రక్తపిశాచి మోకరిల్లాడు.

ఒక్క వాక్యమే కదా అనుకుంది. కానీ మోకరిల్లినవాడు రెండు పేజీల తర్వాత, మందిరంలో పాడే అమ్మాయి మెడ ఎలా కొరుకుతాడు? కొరకలేదు. వానలో గొడుగు పట్టి ఇంటి దగ్గర దింపాడు. ఆ మందిరం గురువును ఎగతాళి చేసే అధ్యాయంలో మనవాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పుస్తకం అయ్యేసరికి వాడికి కోరలున్న సంగతే ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. షాపులో డాక్టరు రాసిన మందుకు బదులు ఇంకొకటి ఇవ్వాలంటే పదిసార్లు ఫోన్ చేసి అడిగే మనిషి, ఇంట్లో ఒక పుస్తకాన్నంతా మార్చేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. లైబ్రరీ పాఠకులకు ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో అందరూ గొంతుతోనే మెసేజీలు పెట్టుకుంటారు, కాబట్టి అత్తగారికి అన్నీ వినపడతాయి. ఐదో భాగం గ్రూపును నిలువునా చీల్చింది. రిటైరైన నర్సమ్మ "ఇంత చెత్త నేను చదవలేదు, రచయితకు దేవుడంటే లెక్కలేదు" అంది. పోస్టాఫీసాయన "కోపం కూడా భక్తేనండీ, ఇంతకంటే గొప్ప భక్తి పుస్తకం ఉంటుందా" అన్నాడు. ఇంకొకాయన "నాకు దేవుడూ వద్దు గీవుడూ వద్దు, రక్తం తగ్గిపోయింది, మొదటి భాగమే నయం" అని వాపోయాడు. మందిరంలో సంగీతం నేర్పే టీచరైతే ఆ పుస్తకం లైబ్రరీలోంచి తీసేయాల్సిందేనని పట్టుబట్టింది. అది తేల్చడానికి లైబ్రేరియన్ ఆదివారం సభ పెట్టాడు.

అత్తగారు అన్నీ విని, "వీళ్లకేమైనా పట్టిందా? అంత చక్కగా మోకరిల్లినవాణ్ణి పట్టుకుని!" అని ఆశ్చర్యపోయింది. ఊరుకోకుండా ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "తీసేస్తామంటే తీసేయడానికి అది మీ ఇంట్లో కుర్చీ కాదు. ఆదివారం సభకు నేనొస్తున్నాను. కళ్లున్నవాళ్లు చూడలేనిది నేను చెప్తాను" అంది. లైబ్రేరియన్ సంబరపడిపోయి ఆవిణ్ణే మొదటి వక్తగా పెట్టేశాడు. అప్పటి నుంచి గోడ పట్టుకుని నడుస్తూ ఉపన్యాసం సాధన చేస్తోంది: "రక్తం రుచి తెలిసినవాడు నేల రుచి చూశాడు, అదీ గొప్పతనం."

నేల రుచి కోడలు కల్పించిందే.

ఆ పూటంతా షాపులో కోడలికి అదే ఆలోచన. ఆదివారం అత్తగారు లేచి ఆ మాటంటుంది. పుస్తకం చదివిన హాలు హాలంతా ముందు ఊరుకుంటుంది, తర్వాత ఎవరో కిసుక్కుమంటారు. ఆవిడకు ఎవరి మొహాలూ కనపడవు, ఆ నవ్వు మాత్రం వినపడుతుంది. ఇంటికొచ్చాక ఇక కోడలి గొంతును నమ్మదు. పుస్తకం సంగతి అటుంచి, వానొస్తోందన్నా కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కోడలు మెల్లగా కదిపింది. "అత్తయ్యా, ఆదివారం అంతమందిలో ఎందుకు చెప్పండి. మీకు జలుబు కూడా..."

"నాకు జలుబేంటి?"

"పొద్దున తుమ్మారు కదా."

"నువ్వు మిరియాల డబ్బా తీస్తే తుమ్మాను. ఏంటమ్మాయ్, నువ్వు కూడా ఆ టీచర్ పార్టీలో చేరావా?"

పిట్ట గదిలోంచి విసురుగా వచ్చింది. చేతిలో ఐదో భాగం.

"నానమ్మా, తాడోపేడో తేలిపోవాలి. ఇదిగో, మందిరం అధ్యాయం. చదువుతున్నా."

"చదవ్వే. నాకేం భయమా!"

"పిట్టా, ఇప్పుడెందుకే..." అంది కోడలు.

ఆ గొంతులో ఏముందో గాని, పిట్ట తలెత్తి తల్లి మొహం చూసింది. తర్వాత నానమ్మ మొహం చూసింది. పేజీ మీద వేలు అలాగే ఉంది. మోకరిల్లినవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో పిల్లకు అర్థమైపోయింది.

"చదవవేం?" అంది అత్తగారు.

పిట్ట గొంతు సవరించుకుంది. పుస్తకం వైపు చూడకుండా, తల్లి కళ్లలోకి చూస్తూ మొదలుపెట్టింది. "'అతను గుమ్మం దాటాడు. మెల్లగా... మెల్లగా మోకాళ్ల మీద...' అవును నానమ్మా. నువ్వన్నదే కరెక్టు. నేనే తొందర్లో..."

అత్తగారి మొహం విప్పారింది. "చెప్పానా!"

కోడలు తప్పించుకుంది. కూతురు తప్పించింది. చూపు లేని మనిషి చుట్టూ నిన్నటి దాకా ఒక గొంతే అబద్ధం చెప్పేది, ఇప్పుడు రెండయ్యాయి. రేపు ఆయనకూ చెబితే మూడు. అప్పుడు ఈ ఇంట్లో ఆవిడ ఎవరి మాట పట్టుకుని నడవాలి?

"ఇటివ్వు," అంది.

"అమ్మా, వద్దు..."

"ఇవ్వమంటున్నానా!"

ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్కనే కూర్చుంది. చదవడం మొదలుపెట్టింది. ఒక్క మాట కూడా మార్చలేదు.

"'అతను గుమ్మం దాటలేదు. గురువుగారూ, మూడు వందల ఏళ్లుగా ఈ తలుపు దగ్గర చెవి ఒగ్గి వింటున్నాను, అన్నాడు. లోపలి నుంచి అడిగేవాళ్ల గొంతులే వినపడ్డాయి. జవాబు చెప్పే గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు.'"

అత్తగారి చేతులు కుర్చీ మీద నుంచి ఒళ్లోకి జారాయి.

"ఇంకోసారి చదువు."

చదివింది.

"ఆ పాటలు పాడే అమ్మాయి?"

"తాగేశాడత్తయ్యా."

"చచ్చిపోయిందా?"

"ఊఁ."

"మరి గొడుగు?"

"గొడుగు నేనే ఇచ్చాను."

పిట్ట నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారు నవ్వలేదు. "మొదటి నాలుగు భాగాల్లో నిప్పులు చెరిగినవాడు ఇలా చప్పబడ్డాడేంటి, రచయితకు వయసు మీదపడిందేమో అని జాలిపడ్డాను. పాపం, ఆయన్ని అనవసరంగా అనుకున్నాను."

"ఆ రోజు డాక్టరు అలా చెప్పాడని... మీరు మందిరం నుంచి అప్పుడే వచ్చారని..."

"నేను తట్టుకోలేనని నీకెవరు చెప్పారు?"

కోడలు పుస్తకం మూసింది. అత్తగారు లేచింది. పిట్ట చెయ్యి అందించబోతే తోసేసి, గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ రాత్రి కంచం గదిలోకే వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నం కోడలు షాపు నుంచి వచ్చి, భోంచేసి, కిటికీ పక్కన కూర్చుని చూసింది. మూసిన తలుపు మూసినట్టే ఉంది. లోపల ఫోన్లో నర్సమ్మ, పోస్టాఫీసాయన మళ్లీ వాదించుకుంటున్నారు. అత్తగారు వాళ్లెవరికీ బదులివ్వడం లేదు. రాత్రి ఆలస్యంగా వచ్చి పడుకున్న భర్త ఇవాళే సంగతంతా విని, "ఎంత పని చేశావే!" అన్నాడు. ఇంకేం అనాలో తెలియక స్క్రూడ్రైవర్ తీసి, బాగానే ఉన్న తలుపు గడియ విప్పి మళ్లీ బిగించాడు.

రాత్రి భోజనాల వేళకు అత్తగారు తనంతట తనే వచ్చి కూర్చుంది. గిన్నెలు ఒకరి చేతి నుంచి ఒకరికి మారాయి. పిట్ట నీళ్లు పోసింది. కొడుకే ఉండబట్టలేక, "అమ్మా, రేపు రాలేనని లైబ్రేరియన్‌కు నేను ఫోన్ చేసి చెప్పనా?" అన్నాడు.

"ఎందుకు చెప్పడం? వెళ్తున్నాను."

ఆవిడ గొంతు పెంచలేదు. అయినా అందరి చేతులూ ఆగాయి.

"డాక్టరు ఆ మాట చెప్పిన రోజు మందిరంలో కూర్చుని నేను అనుకున్నది అదే. అడిగేవాళ్లమే తప్ప చెప్పేవాళ్లెవరూ లేరని. అలా అనుకున్నందుకు సిగ్గుపడి చచ్చాను. ఇంటికొస్తే మనవాడు మోకరిల్లాడు. అంతటివాడే మోకరిల్లాక నేనెంత అని మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ తర్వాత రోజూ వెళ్తూనే ఉన్నాను. ఇక వెళ్లాలో వద్దో నేనే తేల్చుకోవాలి. అది మీరెవరూ తేల్చేది కాదు."

కోడలు తల వంచుకుంది. కంచంలో అన్నం కనపడడం మానేసింది.

"రేపు సభలో రెండు ముక్కలు చెప్తాను. ఈ పుస్తకాన్ని నేను వెనకేసుకొచ్చాను గానీ, ఇంకా చదవలేదని. నేను చదివేదాకా అలమరలోంచి తియ్యొద్దని. అంతే."

"నవ్వుతారేమో నానమ్మా," అంది పిట్ట.

"నవ్వనీ."

"అయితే ఆ పుస్తకం నేను చదివి వినిపిస్తాలే. ఎలాగూ సెలవులే కదా."

"నీ గొంతుకు తొందరెక్కువ. మీ అమ్మే చదువుతుంది, ఎల్లుండి, మొదటి పేజీ నుంచి." అత్తగారు కంచంలో చెయ్యి పెట్టింది. "సెలవులయ్యేదాకా నువ్వు పక్కన కూర్చుని పేజీ చూస్తూ ఉండు. ఎక్కడ మాట మారినా చెప్పు."

కొడుకు భార్య వైపు చూశాడు. తనూ ఒక వాక్యం మార్చి చదివిన పిట్ట ఎటూ చూడలేకపోయింది.

"సరే అత్తయ్యా," అంది కోడలు.