సాత్తూరికి అమ్మిన ఎనుము

"ఆకలి ఎట్లా వుండాది?" అని కర్పగం డాక్టరమ్మ పెరియనాయగిని అడిగితే, "బాగా తింటుంది డాక్టర్" అన్నాడు వెంకటసామి. నిద్ర? "పడుకుంటే లేవదు." నొప్పి? "అంతేం లేదు." రోగి కూర్చునే స్టూలు మీద కూర్చున్నదీ ఆయనే. పక్కటెముక పట్టుకుని వెనకాల నిలబడింది మాత్రం ఆయన భార్య.

కోవిల్‌పట్టిలో ఇరవై ఏళ్ళుగా వైద్యం చేస్తున్న డాక్టరమ్మకు ఇట్లాంటి మొగుళ్ళు కొత్త కాదు. "మీ మొహం వాడిపోయి వుండాదే, జ్వరమేమో" అని చెయ్యి పట్టి చూసి, ఆయన్ని బయట బల్ల మీదకు పంపించి, నర్సు ఇసక్కిసెల్వి చేత నోట్లో థర్మామీటరు పెట్టించింది. తనకేదో పెద్ద జబ్బే వచ్చిందన్న మర్యాదతో వెంకటసామి పెదాలు బిగించుకుని కూర్చున్నాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన అంతసేపు నోరు మూసుకుని ఉండటం అదే మొదలు.

డాక్టరమ్మ తలుపు వేసింది. ఆ తమిళ ఊళ్ళో పెరియనాయగి వాళ్ళలాగే ఆమె ఇంట్లోనూ తెలుగే.

"ఇప్పుడు నువ్వు చెప్పు. దెబ్బ ఎట్లా తగిలె?"

"పాలు పిండేటప్పుడు ఎనుము తన్నె అమ్మా."

అలవాటు పడ్డ నోరు మరి. ముందేడు చెవికీ అదే చెప్పింది, మొన్న మాసి నెలలో మణికట్టుకీ అదే చెప్పింది. డాక్టరమ్మ రెండుసార్లూ నోటుపుస్తకంలో అదే రాసుకుంది. ఈసారి పెన్ను కింద పెట్టింది.

"యా ఎనుము?"

"మా నల్ల ఎనుమే."

"దాన్ని మీ ఆయన ఆడి నెలలోనే సాత్తూరోళ్ళకి అమ్మి మోటారు సైకిలు తీసె కదా. నువ్వు పాలు పోసేది నిలిచినప్పట్నుంచి మా ఇంట్లో కాఫీ నోట్లో పెట్టేటట్టు లేదు. ఇప్పుడది సాత్తూరు నుంచి బస్సెక్కి వచ్చి తన్నిపోయెనా?"

పెరియనాయగికి నవ్వు ఆగలేదు. నవ్వితే పక్కటెముక లాగింది, లాగితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇక ఏది నవ్వో ఏది ఏడుపో తనకే తెలియలేదు. పుట్టింటివాళ్ళు ఇచ్చిన ఎనుము అది. పాపం, ఏనాడూ తోక కూడా గట్టిగా విదల్చలేదు. అట్లాంటి సాధుజంతువు మీద ఇన్నాళ్ళూ నేరం మోపుతూ వచ్చింది తను, ఇంటి పరువు కోసం. ఎవరి పరువట? నాలుగింటికి లేచి నీళ్ళు మోసేది తను, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సాయంత్రం దాకా పుల్లలు పేర్చేది తను, పులుసులో ఉప్పెక్కువైతే తన్నులు తినేదీ తనే. "మొగోడన్నాక చెయ్యి లేవకుండా వుంటుందా, నువ్వే కొంచెం ఒదిగి పో" అంటుంది అత్త సుబ్బమ్మాళ్. ఒదిగి ఒదిగి గోడకు ఆనుకుంది, ఇంకా ఒదగాలంటే గోడలోకే పోవాలి. చెబితే ఏమవుతుంది? చెప్పాక మళ్ళీ ఆ మోటారు సైకిలు వెనకే కూర్చుని ఇంటికి పోవాలి కదా.

"చెప్తే ఆయనకి తెలిసిపోదా అమ్మా?"

"నువ్వు వద్దంటే ఈ గది దాటదు. నిన్ను యాడికీ తరమను. రెండుసార్లు అడక్కుండా ఎనుము మీద రాస్తినే, అది నా తప్పు. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసిపెడతా, రేపు నీకు సాక్ష్యంగా నిలుస్తుంది. విరుదునగర్లో ఇట్లా దెబ్బలు తినే ఆడవాళ్ళకి తోడు వచ్చేవాళ్ళు వుండారు. ఎప్పుడు పోవాలో నీ ఇష్టం. ఇవాళ ఇంటికి పోను భయంగా వుంటే, అదీ చెప్పు."

అంతలో తలుపు సందులోంచి వెంకటసామి తల దూర్చాడు. జ్వరం లేదట, ఆ నిరాశ మొహంలో కనిపిస్తూనే ఉంది.

"ఇంకా ఎంతసేపే? అమ్మ ఆకలితో వుండాది. పోయి వండొద్దా?"

మామూలుగా అయితే ఆ మాట పూర్తి కాకముందే పెరియనాయగి కాళ్ళు ఇంటిదారి పట్టేవి. ఈసారి కదల్లేదు. ఇసక్కిసెల్వి వెనకనుంచి, "సార్, రక్తం కూడా తీసి చూద్దాం, రండి" అని ఆయన్ని లాక్కుపోయి తలుపు వేసింది.

పెరియనాయగి కొంగుతో మొహం తుడుచుకుంది.

"మొదట్నుంచి చెప్తా, రాయండమ్మా. నాకేం తొందర లేదు."