ఏడు దగ్గర ఆగిపోయిన గుంట

అబ్బ, ఈ ఫాదర్ ప్రసంగం ఎప్పటికి ముగుస్తుందో, అవతల పొసోలే పులుసు చల్లారిపోతోంది, గ్వదలూపే మాత మాత్రం గులాబీల మధ్య చల్లగా నిలబడి ఉంది, ఈ లియోన్ ఊళ్ళో తోళ్ళ కంపు ఆవిడకీ అలవాటైపోయిందేమో, ఏటా డిసెంబరు పన్నెండుకి మా తోళ్ళ ఫ్యాక్టరీ వాకిట్లోనే ఆవిడకి పూజ, నాకేమో పూజలోనూ ఫోను చేతిలో ఉండాల్సిందే, మురుగునీళ్ళ గుంటలో వేలాడదీసిన ఆ సెన్సర్ మహారాణి ఎప్పుడు కూస్తుందో ఎవరికి తెలుసు, మొన్నటిదాకా రోజూ సాయంత్రం జపమాల సగంలో ఉండగా ఒకటే కూత, ఆడవాళ్ళంతా వెనక్కి తిరిగి నన్ను మింగేసేలా చూడ్డం, ఒఫేలియా, నీ పిల్లని ఊరుకోబెట్టవే అని వంట చేసే ఎడువీహెస్ అత్త వెటకారం, నా పిల్లట, నేను కన్నానా దాన్ని, యజమాని దోన్ ఎవరిస్తో తెచ్చి నా మెడకి కట్టాడు, ఇదుంటే నువ్వు నిశ్చింతగా ఉండొచ్చమ్మా అన్నాడు, నిశ్చింత, నా బొంద.

ఊరికే కూయదు, అదీ తెలుసు, సున్నం నీళ్ళున్న గుంటలోకి తోళ్ళు తిప్పే డ్రమ్ముల్లోంచి ఆసిడ్ నీళ్ళు వచ్చి కలిశాయంటే కుళ్ళిన గుడ్ల కంపు లేస్తుంది, ఇంకా ఎక్కువైతే ఆ కంపు కూడా తెలియదు, మనిషి ఉన్నచోటే కూలిపోతాడు, అందుకే నా ఫోన్లో పచ్చరంగు చూసి నేను తల ఊపితేనే ఎవరైనా గుంటలో దిగాలని పెట్టుకున్నాం, ఇందాక పంపుకి తోళ్ళ వెంట్రుకలు అడ్డంపడి నీళ్ళు పూజ దగ్గరికే ఎగదన్నుతుంటే దోన్ ఎవరిస్తో కళ్ళతోనే గద్దించాడు, మా తమ్ముడు నికాండ్రో లేచి పండగ చొక్కా విప్పుకుంటూ నా వైపు చూశాడు, ఫోను పచ్చగా ఉంది, తల ఊపాను, వెళ్ళాడు, పండగపూట కూడా ఆ రొచ్చు వాడి మొహానే రాసిపెట్టి ఉంది, ఇంతమందిలో ఒక్కడైనా నేను వెళ్తానన్నాడా, అందరికీ అప్పుడే భక్తి ముంచుకొచ్చింది, కళ్ళు మూసుకుని కూర్చున్నారు దొంగ వెధవలు.

ఇంకా పచ్చగానే ఉంది, పీహెచ్ ఏడు, మళ్ళీ ఏడు, ఇవాళ దీనికి ఎక్కడలేని బుద్ధి వచ్చింది, ఏడు, ఏడేమిటి, మా గుంట ఏనాడు ఏడు దగ్గర నిలబడింది గనక, సున్నం ఎక్కువై పన్నెండుకి ఎగరడమో ఆసిడ్ ఎక్కువై మూడుకి పడిపోవడమో తప్ప కుదురు ఎరగని నీళ్ళవి, పొద్దుట్నుంచి గీత గీసినట్టు ఏడేనా, తాగే నీళ్ళలాగా, అత్తా, సెన్సర్ని ఎవరైనా ముట్టుకున్నారా, ష్, ప్రార్థన జరుగుతోందమ్మాయ్, ముట్టుకున్నారా అత్తా, నేనేలే, ఎందుకంత కంగారు, మాత ముందు కూసి పరువు తీస్తుందని పైకి లాగి బకెట్లో మంచినీళ్ళు పోసి అందులో పెట్టాను, ఏడాదంతా ఆ మురికిలోనే పడుంటుంది, ఇవాళొక్కరోజు స్నానం చెయ్యనీ పాపం.

స్నానమా, ఓరి దేవుడో, కుర్చీ పడితే పడనీ, ఫాదర్ చెయ్యెత్తి నోరు తెరుచుకుని ఆగిపోతే పోనీ, ఒరేయ్ నికాండ్రో, దిగకురా, ఈ డ్రమ్ముల సందు ఇంత పొడుగెందుకు కట్టి చచ్చారు, నేలంతా జారుడు, ఈ పండగ చెప్పులొకటి, విసిరేస్తే పీడా పోయె, వాడేడీ, నిచ్చెన కనిపిస్తోంది, వాడు లేడు, ఉన్నాడు, మెడదాకా దిగాడు, తల ఒక్కటే పైన ఉంది, ఒంటిమీద చొక్కా లేదు, చేతికేమీ దొరక్క జుట్టే పట్టుకుని లాగాను, అమ్మా, చచ్చాను, పిచ్చి పట్టిందా అక్కా నీకు, ఊరంతా చూస్తోంది, దిగమని తల ఊపింది నువ్వే, ఇప్పుడు పీకేది నువ్వే, మాట మీద నిలకడ లేని మనిషివి, వదులు, జుట్టు వదలవే, అవునురా, నేనే ఊపాను, ఆ ముదనష్టపు పచ్చరంగుని నమ్మి ఊపాను, తిట్టు, పైకొచ్చి తిట్టు, మన ఇంట్లో ఆడవాళ్ళందర్నీ కలిపి తిట్టు, గుంటలోంచి లేచే ఆవిరికి నా గొంతు మండిపోతోంది, అయినా ఈ జుట్టు వదలను, తిట్టడానికి నీకింకా ఊపిరి ఆడుతోంది, నాకు అదొక్కటే కావాలి.