కొండమాట వేసిన రోడ్డు

'కొండమాట' దినపత్రికకి నలభై ఏళ్ళు నిండాయి. ప్రత్యేక సంచికకి పత్రిక చరిత్ర రాసే భాగ్యం అనంతగిరి విలేకరి పోలయ్యకి పట్టింది. భాగ్యమా అది! మెడకి చుట్టుకున్న పాము.

ఎందుకంటే పత్రిక చెప్పుకునే ఘనకార్యం ఒక్కటే, పదేళ్ళ కిందటి 'జీలుగుపాడుకి రోడ్డొచ్చింది' వార్త. రాసింది పోలయ్యే. ఆవేళ ఒకటే వాన. కొండెక్కే ఓపిక లేక, ఆఫీసరిచ్చిన కాయితం చూసి రాసి పారేశాడు. రోడ్డు కాయితం మీదే ఉండిపోయింది. అప్పట్నుంచీ ఊరివాళ్ళు ఎన్ని అర్జీలిచ్చినా ఆఫీసులో ఆ పేపరు ముక్కే తీసి చూపిస్తారు. "పేపర్లో కూడా పడింది, ఇంకేం రోడ్డు?"

ఇప్పుడా ఊరి యర్రమ్మ కోడలు సోనికి నెలలు నిండాయి. మొన్న సంతలో యర్రమ్మ పోలయ్య చెయ్యి పట్టుకుంది.

"రోడ్డు నేదని నీ సేత్తోనే రాయి బాబూ. నీ మాటయితే ఆళ్ళు ఇంతారు."

రాస్తానన్నాడు. పాపం, నిజంగానే రాశాడు, తప్పు తనదేనని ఒప్పుకుని మరీ.

ఎడిటర్ లక్ష్మీప్రసాద్ ఫోన్లోనే విరుచుకుపడ్డాడు. "మతుండే రాశావా పోలయ్యా? మనం సాధించింది ఆ రోడ్డొక్కటే. అదీ లేదంటే చరిత్రలో ఏం మిగుల్తుంది? నీ విలేకరి కార్డు మిగుల్తుందా?"

కార్డు పోతే మండలాఫీసులో పోలయ్యకి కుర్చీ వేసేవాడుండడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "మీ ఇష్టం సార్" అన్నాడు. అన్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

ఆదివారం సంచిక వచ్చింది. అందులో రోడ్డు అలాగే ఉంది. పక్కన పోలయ్య ఫోటో, కింద 'రోడ్డు సాధించిన మా విలేకరి' అని.

యర్రమ్మకి మొహం ఎలా చూపించడం? అయినా ఉండబట్టలేక, కాళ్ళు పట్టుకుందామని ఆ పొద్దున్నే కొండెక్కాడు, జారుతూ, రొప్పుతూ. వెళ్ళేసరికి సోనికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు కొండ కిందే ఆగిపోయింది. మగాళ్ళంతా కాఫీ తోటల పనికెళ్ళారు. కర్రకి దుప్పటి కట్టి, అందులో పెళ్ళాన్ని పడుకోబెట్టి, వెనక కొస దగ్గర భీముడొక్కడే నిలబడ్డాడు.

యర్రమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుణ్ణు.

"ఏటలా సూత్తన్నావు బాబూ? రోడ్డేసినోడివి, దారి నీకు తెల్దా? ముందు బుజం నువ్వెట్టు. బేగి!"

పోలయ్య కర్ర భుజానికెత్తుకున్నాడు. మొదటి అడుగే మోకాలి దాకా బురదలో దిగబడింది. వెనక సోని మూలుగుతోంది. అంబులెన్సు ఇంకా నాలుగు కిలోమీటర్ల కింద ఉంది.