రూబీ వేసిన ఆరు

చేపల అసిరమ్మ పార్వతికి చెప్పిందట. పార్వతి కుళాయి దగ్గర కృపారాణికి చెప్పింది. "నీ కూతురు రూబీ కొట్లో కూకుని పాచికలాడతన్నాదంట. 'ఆరు పడట్నేదు, ఆరు పడట్నేదు' అని నెత్తి కొట్టుకుంటన్నాదంట. పక్కన మగమనిషి కూడా ఉన్నాడంట. ఆదోరం మన పిల్లలకి వాక్యం సెప్పే పిల్ల!"

కృపారాణి బిందె నిండేలోగానే కబురు చర్చి సెక్రటరీ ఎలీషా చెవిన పడింది. ఆయన రూబీకి స్వయానా మేనమామ, కాబట్టి కాస్త గట్టిగానే పడింది. సండే స్కూలు ఇంకెవరికైనా అప్పగించక తప్పదేమో అనుకుంటూ నరసన్నపేట బజారులో రూబీ డీటీపీ కొట్టు మెట్లెక్కాడు. వెనకాలే పార్వతి, ఏదో జిరాక్సు పనున్నట్టు.

తల్లి ఫోన్ చేసి చెప్పడంతో రూబీకి సంగతి ముందే తెలుసు. ఆరేళ్లుగా నడుపుతున్న క్లాసు, ఇరవై ముగ్గురు పిల్లలు. ఒకరి చేతి నుంచి ఇంకొకరికి మార్చడానికి అదేం అద్దె సైకిలా? అయినా ఆమె బెదరలేదు.

"ఆరు పడట్నేదన్న మాట నిజమే మావా. కూకో, సూపిస్తాను."

జరిగింది ఇది. ట్యూషన్ మాస్టారు ధనరాజు పదో తరగతి లెక్కల పుస్తకం టైపు చెయ్యమని ఇచ్చాడు. సంభావ్యత పాఠం నిండా పాచికలే. రూబీ అలవాటు కొద్దీ బొమ్మల ఫాంటొకటి పెట్టి, మామూలు అక్షరాలు నొక్కి పాచికలు దించేసింది. తీరా విజయనగరం ప్రెస్సు నుంచి ప్రూఫు వస్తే, పాచిక ఉండాల్సిన ప్రతిచోటా ఉత్త ఇంగ్లీషు అక్షరాలు! ఆ ఫాంటు వాళ్ల దగ్గర లేదు మరి. ఎరువు సొమ్ము బరువు చేటంటే ఇదే.

అప్పుడు తెలుసుకుంది, పాచిక ముఖాలు ఆరింటికీ ఆధార్ లాగా దేని నంబరు దానికి ఉందని, ఏ ఊరి కంప్యూటరైనా ఆ నంబరుకి ఆ ముఖమే అంటుందని. వర్డులో నంబరు కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కడమే. 2680 దగ్గర మొదలని విని, ఆరు చుక్కలకి 2686 అయ్యుంటుందనుకుంది. పక్కన కూర్చున్న ధనరాజూ అంతే అన్నాడు. నొక్కితే చుక్క పెట్టిన గుండ్రం వచ్చింది. పదిసార్లు నొక్కితే పదిసార్లూ గుండ్రమే. సరిగ్గా అప్పుడే అసిరమ్మ గుమ్మం ముందు చేపల తట్ట దించింది.

"లెక్కల మాస్టారికీ అందనేదా?" అన్నాడు ఎలీషా.

"ఆయన ఒకటి కాణ్ణుంచి లెక్కెడతాడు. ఇది సున్నా కాణ్ణుంచి లెక్కెడతాది. ఒకటికి సున్నా అయితే ఆరుకి అయిదే కదా."

రూబీ 2685 కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కింది. తెర మీద ⚅ నిలబడింది.

ఎలీషా కళ్లజోడు సవరించుకున్నాడు. "ఏదీ, మూడెయ్యి."

2682 కొట్టింది. ⚂.

"నాలుక్కి..." ఆయన వేళ్లు మడిచి చూసుకున్నాడు. "ఆఖర్న మూడు కదేటి?"

⚃ వచ్చింది. తనే పండించినంత సంబరపడిపోయాడు ఎలీషా. పార్వతి గట్టిగా దగ్గింది. దాంతో ఆయనకి తన పదవి గుర్తొచ్చింది.

"అంతా బాగానే ఉన్నాది గానమ్మా, పాచిక పాచికే. నలుగురి నోటా పడిపోనాది. ఓ రెండు నెల్లు క్లాసు పార్వతి సూసుకుంటాదిలే."

రూబీ కుర్చీని వాళ్లిద్దరి వైపూ తిప్పింది.

"ఎయ్యిసార్లు కొట్టినా, ఏ నంబరు కొడితే ఆ ముఖమే పడతాది మావా. ఇది జూదమైతే, ఇందులో ఓడిపోయినోలు ఎవులో సూపించండి. క్లాసు ఈ పూటే ఒదిలేస్తాను."