నేలచూపులు

హోటలు వాళ్ళు పన్నెండింటికి గది ఖాళీ చెయ్యమన్నారు. పదకొండున్నరకే నిరంజన్ పెట్టెలు రెండూ తలుపు దగ్గర పెట్టాడు. ఇక బయలుదేరాల్సింది అక్క.

చంద్రకళ కిటికీ పక్కన బల్ల మీద బోర్లా పడుకుని ఉంది. అది హోటలు మసాజు గదిలో ఉండే బల్ల. తల పెట్టే చోట రంధ్రం ఉంటుంది. అందులో ముఖం పెట్టుకుంటే మెడ పట్టెయ్యదు, ఊపిరి ఆడుతుంది. ఆపరేషన్ అయిన రోజు ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి చెబితే, మేనేజరు నలుగురిని పెట్టి దాన్ని పన్నెండో అంతస్తుకు మోయించాడు. ఐదు రోజులుగా ఆమె పగలూ రాత్రీ దాని మీదే.

"అక్కా, లెగు. టైమైపోతంది."

"ఈ పువ్వుకి ఏడు రేకలున్నాయిరా," అంది చంద్రకళ రంధ్రంలోంచి. "పక్కదానికి ఆరే. నేసినోడు లెక్క తప్పీసినాడు."

తివాచీ గురించి ఆ మాట. ఐదు రోజుల్లో ఆమె చూసిన చెన్నై అదే.

వాళ్ళది మలేసియాలో బాగన్ దాతో. తాతల కాలంలో కొబ్బరి తోటల పనికి వెళ్ళిన తెలుగువాళ్ళు. నిరంజన్ పామాయిలు మిల్లులో లారీలు తూచే చోట గుమాస్తా. చంద్రకళ ముప్ఫై ఏళ్ళు బడి క్యాంటీన్ నడిపింది. రెండు నెలల కిందట ఆమె కుడికంట్లో లోపలి పొర ఊడింది. ఎడమ కన్ను అంతకుముందే సగం పోయింది. అక్కడి ఆసుపత్రి ఇచ్చిన తేదీ దూరంగా ఉండటంతో చెన్నైకి తీసుకొచ్చాడు.

డాక్టరు పొరను అతికించి, అది మళ్ళీ ఊడిరాకుండా కంట్లో గ్యాసు బుడగ పెట్టాడు. బుడగ పైకి తేలుతుంది. అది కంటి వెనక గోడకు ఆని ఉండాలంటే మనిషి నేలను చూస్తూ ఉండాలి. పడుకున్నా అంతే, కూర్చున్నా అంతే, నడిచినా అంతే. గంటకు పది నిమిషాలు తల ఎత్తవచ్చు. ఇంకా తొమ్మిది రోజులు ఇలా గడవాలి. బుడగ కరిగేదాకా విమానం ఎక్కకూడదు. అందుకు నాలుగు వారాలు పట్టవచ్చని డాక్టరు ఆపరేషన్ అయ్యాక చెప్పాడు. ముందే చెప్పాడేమో, తను వినిపించుకోలేదేమో, నిరంజన్‌కు ఇప్పుడు గుర్తు లేదు.

ఆసుపత్రి ప్యాకేజీలో హోటలు ఆరు రాత్రులే. నిన్నటితో ఆ ఆరూ అయిపోయాయి. ఆ తర్వాత అక్కడ ఉండటం అతని తరం కాదు. ఎగ్మోరు స్టేషను వెనక సందులో ఒక లాడ్జి చూసి ఫోన్లోనే బుక్ చేశాడు.

కింద హాల్లో పాలరాయి పరిచి ఉంది. చంద్రకళ తమ్ముడి మోచెయ్యి పట్టుకుని, గడ్డం రొమ్ముకు ఆనించి నడిచింది.

"నా మొహం నాకే కనపడతంది లా," అంది. "బాగా లేదు."

మాట చివర 'లా' చేర్చడం వాళ్ళ ఊరి అలవాటు. మలయ్ భాష నుంచి వచ్చి తెలుగులో కూర్చుండిపోయింది. తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్న మనిషి వంగి నమస్కారం పెట్టాడు. చంద్రకళ అతని బూట్లకు నమస్కారం పెట్టి ఆటో ఎక్కింది.

లాడ్జిలో గుమాస్తా ఆధార్ అడిగాడు. నిరంజన్ పాస్‌పోర్టులు రెండూ బల్ల మీద పెట్టాడు. అప్పటిదాకా తమిళంలో కబుర్లు చెబుతున్న గుమాస్తా మాట ఆపాడు.

"ఫారినర్స్‌కి రూమ్ కెడయాదు సార్," అన్నాడు. గది లేదని.

"నేను ఫారినర్నా?" అన్నాడు నిరంజన్. తమిళంలోనే అన్నాడు.

గుమాస్తా పాస్‌పోర్టు అట్టను అతని వైపు తిప్పి, దాని మీద ఉన్న రెండు పులుల మీద వేలు పెట్టాడు. విదేశీయులు దిగితే మర్నాటిలోగా ప్రభుత్వానికి కంప్యూటర్‌లో ఫారం పంపాలి. ఆ ఫారం పని తాము పెట్టుకోమని చెప్పాడు. బుకింగ్ రద్దు చేసుకోమన్నాడు.

బయటికి వచ్చేసరికి ఆటో వెళ్ళిపోయింది. రెండో లాడ్జిలోనూ అదే మాట. మూడో లాడ్జిలో పాస్‌పోర్టు బయటికి తియ్యకముందే అడిగారు. నిరంజన్ రెండు పెట్టెలు లాగుతూ, గుంటలు వచ్చిన చోట "అక్కా, మెట్టు", "అక్కా, కాలవ" అని చెబుతూ నడిచాడు. చెప్పినప్పుడల్లా ఆమె తల కొంచెం లేచేది. లేచినప్పుడల్లా అతను గడియారం చూసుకున్నాడు. ఆమె బల్ల మీంచి లేచి గంటన్నర దాటింది.

సందు మలుపులో పూలు కడుతున్న మనిషి చంద్రకళను చూసి చేతిలో దారం ఆపింది. ఎవరు పోయారమ్మా అని తమిళంలో అడిగింది.

"ఎవరూ పోలేదు," అంది చంద్రకళ, ఆమె చెప్పుల వైపు చూస్తూ, ఆ తమిళంలోనే. "పోకుండానే ఇంత తిప్పలు."

నాలుగు అడుగులు వేశాక ఆమె తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒరే, మెరుపులు కనపడతన్నాయిరా. పక్క నుంచి."

ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో రెండు విషయాల కింద గీత గీసి ఉంది. మెరుపులు కనిపిస్తే వెంటనే బోర్లా పడుకోవాలి. తెర దించినట్టు నల్లగా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి. ఆ కాగితం నిరంజన్ జేబులోనే ఉంది. తీసి చూడాల్సిన పని లేదు.

ఎదురుగా 'కనకవల్లి లాడ్జి' అని బోర్డు ఉంది.

లోపల బల్ల వెనక వేష్టి కట్టుకున్న యాభై ఏళ్ళ మనిషి కూర్చున్నాడు. పేరు జనార్దనం, లాడ్జి అతనిదే. నడవలో నవారు మంచం మీద అతని తల్లి కనకవల్లి కాళ్ళు చాపుకుని ఉంది. నిరంజన్ అక్కతో "గోడ పట్టుకో" అనటం జనార్దనం విన్నాడు.

"తెలుగా సార్? రండి, రండి. మేమూ తెలుగే. మావోళ్ళు ఈడికొచ్చి నాలుగు నూరేండ్లయ్యె. రూము ఉండాది. రాయండి."

రిజిస్టరు ముందుకు జరిపాడు. పేరు, వయసు, సొంత ఊరు. నిరంజన్ రాశాడు. నీలంవలస, చీపురుపల్లి తాలూకా, విశాఖపట్నం జిల్లా, మదరాసు.

అబద్ధం రాయాలని అతను అనుకోలేదు. ఊరు అని ఎవరైనా అడిగితే అతని చెయ్యికి వచ్చేది అదొక్కటే. చిన్నప్పుడు నాన్న రాత్రి అన్నాల ముందు అక్కనీ తననీ నిలబెట్టి ఈ నాలుగూ చెప్పించేవాడు. తప్పితే మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి. ఆ ఊరు నాన్న కూడా చూడలేదు. మదరాసు అంటే బ్రిటిషు కాలపు మదరాసు ప్రెసిడెన్సీ అనీ, తాత ఓడ ఎక్కిన రోజుల్లో విశాఖపట్నం అందులో ఉండేదనీ నిరంజన్‌కు పెద్దయ్యాక తెలిసింది. అప్పటికి చెయ్యి అలవాటు పడిపోయింది.

జనార్దనం వేలు పెట్టి చదివాడు.

"విశాఖపట్నం మదరాసులోకి ఎప్పుడొచ్చె సార్?" అని నవ్వాడు. "పోనీ, మదరాసంటే లోకలే. మనోళ్ళే." తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "ఆధార్ ఇయ్యండి."

నిరంజన్ పాస్‌పోర్టులు ఇచ్చాడు.

జనార్దనం వాటిని తెరవలేదు. తాళంచెవి మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు.

"ఏంది సార్ ఇది. ఊరు అదని రాసినారే?"

"మా తాతది."

"తాత ఊరు మీ ఊరెట్లవుతాది? ఫారినోళ్ళను నేను పెట్టుకోను సార్. నాలుగేండ్ల ముందర జపాను పిల్లకాయ ఒకడు దిగినాడు. ఫారంలో తేదీ తప్పు కొట్టినా. నా తప్పే, కాదనను. ఆఫీసులో రెండు దినాలు బెంచీ మీద కూర్చోబెట్టినారు. ఆ ఫారం జోలికి మళ్ళీ పోలే."

"రాసిందే ఉంచీండి," అన్నాడు నిరంజన్. గొంతు తగ్గించి అన్నాడు. "పాస్‌పోర్టు సూడలేదనుకోండి. మా మొహాలు సూస్తే ఎవరికి తెలస్తది లా?"

జనార్దనం అతన్ని పైనుంచి కిందికి చూశాడు. ఆలోచించినట్టే ఉన్నాడు.

"మొహం చూస్తే తెలీదు సార్. నోరు తెరిస్తే తెలుస్తాది. ఆ లా ఏంది, మాట మాటకీ?"

నడవలో కనకవల్లి చంద్రకళను చూస్తోంది.

"ఏమ్మే, ఏం తప్పు జేసినావని అట్ల తలొంచుకోని ఉండావు?"

"కంటికి ఆపరేషనమ్మా. కిందకే సూడాల."

"ఎన్నాళ్ళు?"

"ఇంకా తొమ్మిది రోజులు."

"నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చి అరవై ఏండ్లు కిందకే చూసినా," అంది కనకవల్లి. "నాకెవురూ ఆపరేషను జెయ్యలే."

చంద్రకళ నవ్వింది. నవ్వుకు తల కదిలింది. గోడ మీద ఉన్న చెయ్యి జారింది. నిరంజన్ పరుగున వచ్చి పట్టుకున్నాడు.

"పడుకోవాలమ్మా తను. బోర్లా. ఇప్పుడే," అన్నాడు. ముఖానికి కింద ఖాళీ ఉండాలనీ, హోటల్లో రంధ్రమున్న బల్ల ఇచ్చారనీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

కనకవల్లి మంచం దిగింది. తలవైపు రెండు నవారు పట్టీల మధ్య రెండు పిడికిళ్ళూ దూర్చి, చెరో పక్కకీ లాగింది. మనిషి ముఖం పట్టేంత సందు అయింది. దాని చుట్టూ తన తువ్వాలు చుట్టింది.

"దా. పండుకో."

చంద్రకళ పడుకుంది. ముఖం సందులో సరిపోయింది. ఆమె వీపు ఒకసారి లేచి దిగింది.

"అమ్మా! రూము ఇంకా ఇయ్యలేదు నేను," అన్నాడు జనార్దనం.

"రూము ఎవురడిగినారు నిన్ను? నా మంచం నేనిచ్చినా."

"ఆమె ఫారినరమ్మా!"

"ఫారినరైతే? లేపుతావా? లేపు, చూస్తా."

జనార్దనం లేపలేదు. నిరంజన్ వైపు చూడకుండా ఫోన్ తీసి కూతురు జననికి కలిపాడు. ఆ పిల్ల ఊరి చివర షోళింగనల్లూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. తండ్రి ఫారం సంగతి తెలుగులో అడిగాడు, కూతురు తమిళంలో జవాబు చెప్పింది. పాత ఖాతా ఇంకా ఉందట. పాస్‌వర్డ్ అవ్వ పేరేనట. తేదీలు రెండుసార్లు చూసుకోమంది.

ఫారం నింపడానికి యాభై నిమిషాలు పట్టింది. జనార్దనం రెండు వేళ్ళతో కొట్టాడు. ప్రతి తేదీనీ పైకి చదివాడు, నిరంజన్ ప్రతిసారీ అవునన్నాడు. చివర ఫారం ఫోటో అడిగింది. పాస్‌పోర్టులో ఫోటో పనికిరాదు, ఇప్పుడు తీసింది కావాలి. ముఖం ఎదురుగా కనపడాలి.

నిరంజన్‌ది గోడ ముందు తీశాడు. తర్వాత ఇద్దరూ మంచం వైపు చూశారు.

"రెండు నిమిషాలు లేపితే..." అన్నాడు జనార్దనం.

"ఈ గంటకి తల ఎత్తాల్సినంతా ఎత్తీసింది," అన్నాడు నిరంజన్.

అతను చొక్కా పైకి మడుచుకుని నేల మీద వెల్లకిలా పడుకుని మంచం కిందికి జరిగాడు. నేల చల్లగా ఉంది. పైన సందులో అక్క ముఖం ఉంది. ఐదు రోజులుగా అతను ఆమె జడతో మాట్లాడుతున్నాడు, ముఖం సరిగ్గా చూడలేదు. కన్ను ఎర్రగా ఉంది. రెప్పల కింద వాచింది. బుగ్గ మీద నవారు అచ్చు అప్పుడే పడింది. అరవై ఒకటి ఆమెకు. అంతకంటే పెద్దదానిలా ఉంది.

"ఏటిరా, ఇలా వచ్చీసావు?"

"ఫోటోకి. నవ్వకు, ఒప్పుకోరట."

"నవ్వడానికేటుంది." అతన్నే చూసింది. "నువ్వు సన్నబడిపోనావురా."

ఫోన్ రెండు చేతులతో పట్టుకుని తీశాడు. మొదటిసారి మసకగా వచ్చింది. రెండోసారి సరిగ్గా వచ్చింది.

ఫారం వెళ్ళింది. జనార్దనం కుర్చీలో వెనక్కి వాలి, చెమట తుడుచుకుని, రిజిస్టరు మళ్ళీ నిరంజన్ ముందుకు తోశాడు.

"ఇది కొట్టెయ్యండి సార్. ఫారంలో ఒకటీ, ఇందులో ఇంకొకటీ ఉంటే మళ్ళా బెంచీ మీద కూర్చునేది నేనే. మీ చేత్తోనే కొట్టి, పక్కన సంతకం పెట్టండి."

నిరంజన్ పెన్ను తీసుకున్నాడు. నాలుగు మాటల మీదా ఒకటే గీత గీశాడు. పైన ఉన్న ఖాళీలో బాగన్ దాతో అని రాశాడు. తాలూకా లేదు, జిల్లా లేదు. రాష్ట్రం పేరు రాస్తూ ఒకసారి ఆగి, పెరాక్ అని పూర్తి చేశాడు. సంతకం పెట్టాడు.

"పైన మొదటి మాడీలో రూము," అన్నాడు జనార్దనం తాళంచెవి ఇస్తూ. "ఆడ ఉండేది చెక్క బెంచి మంచం, సందుండదు. దీన్ని పైకి మోయిస్తాలే. అమ్మకు వేరేది ఉండాది."

"నాకు వేరేది లేదు," అంది కనకవల్లి.

"కొనిస్తా."

"చూస్తాంలే."

నిరంజన్ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. బూట్లు విప్పాడు. పొద్దున తొడుక్కున్నవి ఇప్పుడే విప్పుతున్నాడు.

"మెరుపులు?" అన్నాడు.

"లేవు. ఆగిపోనాయి." నవారు కింద నుంచి అక్క గొంతు వచ్చింది. "ఏటి రాయించినాడు ఆయన?"

"ఊరు."

"నీలంవలస కొట్టీసావా?"

"కొట్టీసాను."

కనకవల్లి గోడకు ఆనుకుని తమలపాకుకు సున్నం రాస్తోంది.

"ఇక్కడ నేల ఎలాగుందక్కా?" అన్నాడు నిరంజన్.

"ఎర్ర సిమెంటురా. పువ్వుల్లేవు, ఏటీ లేదు." ఆమె గొంతు అప్పటికే మగతగా ఉంది. "లెక్కెట్టక్కర్లేదు. పడుకోనీ లా."