దొర చొక్కాకు దిష్టి

ఇస్త్రీపెట్టె కాగిందో లేదో తడివేలితో చూసుకుని, రాజనర్సు ఆకుపచ్చ చొక్కాను బల్లమీద పరిచాడు. అది కెనడా దొరది. దొర ఊళ్ళో జీతాలిచ్చి ఆడించే బంతిజట్టు చొక్కా. ఆ బంతి గుడ్డులా కోలగా ఉంటుంది. ఆడేవాళ్ళు తలలకు టోపాలు పెట్టుకుని ఎద్దుల్లా కుమ్ముకుంటారు. ఆటల క్యాసెట్లు టపాలో, నెల ఆలస్యంగా, గల్ఫ్ ఎడారిలోని ఈ దుఖాన్ ఆయిల్ క్యాంపుకు వస్తాయి. ఈ ఏడు ఏ క్యాసెట్ వేసినా ఓటమే.

రాజనర్సుది కోరుట్ల దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి. ఎండలో పైపులు మోసి మోసి కుడిభుజం కాయ కాచి కిందికి జారింది. చమురు జోరుమీదున్న రోజులు కనక బంగళాలు లేచాయి, అతనికి దొర ఇంట్లో ఈ నీడపట్టు పని దొరికింది. కానీ జట్టు ఓడినకొద్దీ దొర చూపు మారుతోంది. మొన్న టీవీ ఎవరు జరిపారన్నాడు. నిన్న చొక్కా ఎవరు ముట్టారన్నాడు, ఇస్త్రీ చేయమన్నది తనే అయి ఉండి. ఇలాగే ఓడితే తనను మళ్ళీ పైపుల్లోకి తోలతాడని రాజనర్సు బెంగ.

అతని అనుమానం పక్క బంగళా దొరమీద. ఆయనది వేరే ఊరు, వేరే జట్టు. ప్రతి ఆటకూ వచ్చి ఈ చొక్కానే గుచ్చి గుచ్చి చూస్తాడు.

“ఆయన కండ్లు మంచియి గావు ఇక్రామ్ భాయ్,” అన్నాడు, గుమ్మంలో టీ తాగుతున్న డ్రైవర్ ఇక్రాముద్దీన్‌తో. అతనిది జగిత్యాల.

“నీ సంగతి జూస్కో ముందు. ఆ చొక్కా కాడ నర్సు ఏంజేస్తడని దొర నన్నడిగిండు.”

“నువ్వేమన్నవ్?”

“నాకెర్క లేదన్న.”

రాజనర్సు అతని మొహం వంక ఇంకాసేపు చూశాడు.

మధ్యాహ్నం కొత్త క్యాసెట్ వచ్చింది. దొర స్నానానికి పోగానే రాజనర్సు గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని, కుర్చీకి తగిలించిన చొక్కా చుట్టూ తిప్పసాగాడు. ఇంటిదగ్గర పిల్లలకు భార్య గంగామణి తీసినట్టే. తీసేటప్పుడు మాట్లాడకూడదు. పారేసేదాకా వెనక్కి చూడకూడదు.

“నర్సూ, వాటీజ్ దిస్?”

రాజనర్సు నోరు విప్పలేదు. గుప్పిట బిగించి బయటికి నడిచాడు. దొర తడికాళ్ళతో వెంటపడి పిలుస్తూనే ఉన్నాడు. ఇతను తల తిప్పలేదు. మూడు దారులు కలిసేచోట పారేసి, ఊపిరి వదిలి, అప్పుడు ఇటు తిరిగాడు. దొర, ఇక్రాముద్దీన్ పక్కపక్కనే నిలబడి ఉన్నారు.

“దిష్టి దీసిన. మంచికే దీసిన. చెప్పు భాయ్.”

ఇక్రాముద్దీన్ ఇంగ్లీషులో చెప్పాడు. దొర ఒకే మాట అడిగాడు.

“మంచికైతే పిలిస్తె ఎందుకు పలకలే అంటుండు.”

“పలికితే పోదు గద.”

ఆ మాట ఇక్రాముద్దీన్ చెప్పాడో, మింగాడో. దొర లోపలికి పోయి చొక్కాను రెండు వేళ్ళతో ఎత్తి దులిపాడు.

పొద్దు వాలేసరికి రాజనర్సును తీసుకుపోను కంపెనీ వ్యాన్ వచ్చింది. ఇండస్ట్రియల్ ఏరియాలోని కూలీల క్యాంపుకు, అక్కణ్ణుంచి విమానంలో ఇంటికి. రాజనర్సు పెట్టె ఎత్తుకుని ఇక్రాముద్దీన్‌ను ఒక్కటే అడిగాడు.

“ఇయ్యాల గెల్సిన్రా?”

“లే. మల్ల ఓడిన్రు.”

“చెప్తిని గద,” అని పక్క బంగళా వంక ఓ చూపు చూసి వ్యాన్ ఎక్కాడు.

వంటింటి వెనక, ఏసీ నీళ్ళు బొట్లుబొట్లుగా కారేచోట, నెయ్యిడబ్బాలో అతను విత్తిన పుంటికూర జానెడెత్తు లేచి, ఎర్రటి కాడలతో తడుస్తూ ఉంది.