ఆసు గదిలో ఫ్యాన్

రోజారమణి చెమట జాకెట్టు పిండితే, నల్లా రాని నాడు వాడకట్టంతా బిందెలు పట్టుకొని వరుస కట్టిందట. ఆమె మొగుడు విజేందర్ అల్లిన కథ ఇది. నార్కట్‌పల్లిలో చాయ తాగేవాళ్ళకు చెప్పి నవ్వించి, ఇంటికొచ్చి ఆమెకూ చెప్పేవాడు. నవ్వొచ్చే మాటే మరి. ఆమె మాత్రం తడిసిన వీపు గోడకు ఆనకుండా ముందుకు వంగి ఆసు పోస్తుండేది.

ఆసు అంటే, రంగులు ఎక్కకముందు పట్టుపోగును మేకుల చుట్టూ తిప్పి పేర్చడం. చెయ్యి పొద్దంతా అటూ ఇటూ పోతూనే ఉండాలి. ఒక్క చీరకు ఆమె చెయ్యి తిరిగిన దూరం కొలిస్తే నల్లగొండ దాకా పోవచ్చు. కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. మగ్గంలో కూర్చునేవాడు నేతగాడు, ఆసు పోసేది నేతగాని పెండ్లాం. అంతే. ఆ గదిలో ఫ్యాన్ ఉంది, వెయ్యరు. గాలికి సన్నపోగు లేచి చిక్కుపడుతుందని ఆమె కాపురానికి రాకముందు నుంచీ ఉన్న కట్టుబాటు.

ఇదివరకు ఆ ఉక్క ఆమెకు లెక్క కాదు. ఎవరి లెక్కలోకీ రానిది వేరే ఉండేది. బియ్యం కడుగుతూ కడుగుతూ చేతులు నీళ్ళలోనే ఉంచి నిలబడిపోయేది. బిడ్డ పిలిస్తే ఎవరి బిడ్డో అనిపించేది. ఒకనాడు బావి గట్టు మీద నిలబడి ఉంటే, గొర్లకాపరి బీరన్న "అక్కా, జర పక్కకు జరుగు, గొర్లు తొట్టికాడికి రావాలె" అన్నాడు. జరిగింది. గొర్లకు అడ్డమొచ్చానన్న సిగ్గే ఆనాడు ఆమెను ఇంటికి తెచ్చింది.

తర్వాత నల్లగొండ దవాఖాన, మనసుకు గోళీలు. మెల్లగా బిడ్డ తన బిడ్డే అయింది. ఒళ్ళు మాత్రం పొయ్యి అయింది. ఎండలు ముదిరేసరికి నెత్తిలోంచి చెమట కారి పట్టు మీద పడేది, పడినచోటల్లా మరక.

"గవి వేడి మందులే. ఎండకాలం ఎట్ల పడ్తయ్? వానలు పడ్డంక మింగుదువు తియ్" అని అత్త గోవిందమ్మ గోళీల డబ్బాను అటక మీద పెట్టేసింది. ఏ మందైనా ఆ ఇంట్లో ఒకటే తీర్పు: వేడిదా, సల్వదా. సబ్జా నీళ్ళు ప్రేమగానే కలిపి ఇచ్చింది. రోజారమణి తాగింది.

కొన్నాళ్ళకు చెమట తగ్గింది. తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. విజేందర్ సంబరపడ్డాడు. "సూసినవా, పట్టు మీద మరక లేదు. బాగైనవ్ పో!" ఆమె మళ్ళీ బియ్యం ముందు నిలబడిపోతోందని ఎవరూ చూడలేదు. అది పట్టుకు అంటుకునే మరక కాదు కదా.

ఒక మధ్యాహ్నం బావి తోవలో సగం దూరం వచ్చాక గాని, తాను అటు నడుస్తున్నట్టు ఆమెకు తెలియలేదు. ఆగింది. గొర్లు లేవు, బీరన్న లేడు. ఈసారి పక్కకు జరగమనేవాళ్ళు ఎవరూ లేరు.

వెనక్కి తిరిగి అటునుంచి అటే నల్లగొండ బస్సెక్కింది.

"మందు ఒక్కసారే బంద్ పెట్టొద్దమ్మా, తలల జిల్లుమనుడు గందుకే" అంది డాక్టరమ్మ. "చెమట గీ మందుతోనే. మోతాదు మార్చి సూస్త. ఉడుకు గదిల కూసోకు, గాలి తగలనియ్యి."

మర్నాడు రోజారమణి అందరూ చూస్తుండగా గోళీ మింగి, ఆసు గదిలో ఫ్యాన్ వేసింది. పోగులు లేచాయి. మగ్గం గుంతలోంచి విజేందర్ ఎగిరి వచ్చాడు.

"పిచ్చి లేసిందా? పోగులు తెగుతయే!"

"తెగితే అతుకు. నీకచ్చిన పనే గద. నేను తెగితే అతుకుడు మీకెవ్వలకు రాదు."

గోవిందమ్మ స్విచ్చు దిక్కు రెండడుగులు వేసింది. రోజారమణి పీట జరుపుకొని స్విచ్చు కిందే కూర్చుంది, తడి వీపు నిండుగా గోడకు ఆనించి.